సిక్ రాసిన బండి

మా మామయ్య లెక్కలో బ్రేకు అనేది ఇంజన్‌కి అవమానం. ముప్పై ఏళ్లకు పైగా డీజిల్ షెడ్డులో ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఆయన. చెవి ఒగ్గి వింటే ఏ సిలిండర్ పని ఎగ్గొడుతోందో చెప్పేస్తాడని షెడ్డులో పేరు. ఆ పేరు నిజమే, నేను కాదనను. నా కోపం ఆయన పనితనం మీద కాదు. బండి అంటే ఇంజన్ ఒక్కటే అనుకునే ఆ తలకాయ మీద. చక్రాలు, బ్రేకులు, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న మనిషి, ఇవన్నీ ఆయనకి ఇంజన్ వెనకాల వచ్చే సామాను. ఆ మనిషి నా మొగుడైనా, తన కన్నకొడుకైనా అంతే.

ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్ల మధ్య కులం కన్నా గట్టి గోడ ఒకటుంది. మీ నాన్నది ఏ సెక్షన్ అన్నదే ఇక్కడ మొదటి ప్రశ్న. తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఇంజన్లు చూసే లోకో వాళ్లు లోకో వాళ్లే, పెట్టెలు చూసే వేగన్ వాళ్లు వేగన్ వాళ్లే. నేను వేగన్ వాళ్ల పిల్లని. మా నాన్న నిమ్‌పురా యార్డులో గూడ్సు బళ్ల బ్రేకులు చూసేవాడు. ఎండనక, వాననక ఒక్కో పెట్టె కిందికి వంగి, సుత్తితో చక్రాన్ని కొట్టి చప్పుడు విని, బ్రేకు కడ్డీ ఎంత బయటికి వస్తోందో కొలిచి, అప్పుడు గానీ బండిని వదిలేవాడు కాదు. తేడా కనిపించిందా, జేబులోంచి సుద్దముక్క తీసి పెట్టె మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘సిక్’ అని రాసేవాడు. అంతే. ఆ పెట్టెని రైలు నుంచి తెంపి పక్క లైన్లో పెట్టాల్సిందే. బాగుచేసి ‘ఫిట్’ ఇచ్చేదాకా దాన్ని ఏ ఇంజనూ లాగకూడదు, ఎంత పెద్ద ఆఫీసరు చెప్పినా సరే. చిన్నప్పుడు మా తమ్ముడికి జ్వరం వస్తే వాడి మంచం కోడు మీద నేను సిక్ అని రాసేదాన్ని. మా నాన్న సాయంత్రం వచ్చి, నుదురు పట్టుకు చూసి, జ్వరం తగ్గిందంటేనే దాన్ని తుడిచేవాడు.

నన్ను లోకో వాళ్లింటికి ఇచ్చారు. పెళ్లి భోజనాల దగ్గరే మొదలైంది. “మీ పెట్టెలు ఎన్నుంటే ఏటి లాభం బావగారూ, మావోళ్లు లాగితేనే కదా కదుల్తాయి,” అన్నాడు మామయ్య, విస్తరి ముందు మీసం తుడుచుకుంటూ. మా నాన్న నవ్వి ఊరుకున్నాడు. బంతిలో అందరూ నవ్వారు. కొత్త పెళ్లికూతుర్ని, నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటాను.

మా ఆయనకి రైల్వే ఉద్యోగం రాలేదు. పరీక్షలు రాసి రాసి వయసు దాటిపోయాక పాత పది చక్రాల లారీ ఒకటి తీసుకుని సొంతంగా తోలడం మొదలుపెట్టాడు. సుభాష్‌పల్లిలో మా ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంది, బండి అక్కడే పెట్టేవాడు. బండికి వయసైపోయింది. ఇంజన్ డీజిల్ కన్నా ఎక్కువగా ఆయిల్ తాగేదంటే అబద్ధం కాదు. పొద్దున్న స్టార్ట్ చేస్తే నీలం పొగ సందంతా కమ్మేసేది. ఎదురింటి బెంగాలీ దీదీ ఆరేసిన చీరలు లోపలికి తీసుకుపోతూ మా గుమ్మం వైపు ఒక చూపు చూసేది. రైల్వే లైను మీది వంతెన ఎక్కేటప్పుడు లోడుతో ఉన్న మా లారీని సైకిళ్ల వాళ్లు దాటుకుని పోయేవారు.

మా ఆయన ఇవన్నీ ఓర్చుకున్నాడు గానీ మామయ్య ఓర్చుకోలేకపోయాడు. రిటైరైన షెడ్డు వాళ్లు సాయంత్రాలు టీ కొట్టు దగ్గర చేరతారు. లారీ దగ్గుకుంటూ ఆ ముందు నుంచి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు, “మేస్త్రీ కొడుకు బండికి ఆయాసం తగ్గనేదేటి?” అనేవారు. మామయ్యకి తల కొట్టేసినట్టయ్యేది. ఆదివారం ఆదివారం ఇంజన్ విప్పేవాడు. రింగులు మార్చాడు, వాల్వులు అరగదీశాడు, పిస్టన్లు మార్చాడు. నెల తిరిగేసరికి మళ్లీ నీలం పొగే. ఆఖరికి ఒకరోజు, “దీన్ని బాగు సెయ్యడం నా వల్ల కాదు, దీని పనైపోయింది,” అని తనే ఒప్పుకున్నాడు. ఆయన నోట ఓటమి మాట వినడం అదే మొదటిసారి. ఆ రోజు ఆయన మీద జాలిపడ్డాను కూడా.

ఆ జాలి ఎన్నాళ్లో నిలవలేదు. ముందు భాగం గుద్దుకుని నుజ్జయిన లారీ ఒకటి ఎక్కడో పాత ఇనుము వాళ్ల దగ్గర దొరికింది. దాని ఇంజన్‌కి ఏమీ కాలేదు. మా పాతదాని కన్నా చాలా పెద్దది, బలం దాదాపు రెట్టింపు. దాన్ని చిన్న వ్యాన్ మీద గొలుసులతో కట్టి ఇంటికి తెచ్చిన రోజు మామయ్య ముఖం చూడాలి. మనవరాలు పుట్టినప్పుడు కూడా అంత వెలుగు లేదు. నేను పోలిక కోసం అనడం లేదు, నా కూతురు పుట్టిన రోజు ఆయన షెడ్డు నుంచి సాయంత్రం గానీ రాలేదు.

ఖాళీ స్థలంలో మూడు దూలాలు పాతి, గొలుసు కప్పీ వేలాడదీసి, పాత ఇంజన్ పైకి లేపారు. రిటైరైన షెడ్డు జనం నలుగురైదుగురు రోజూ వచ్చేవారు. కొత్త ఇంజన్ పాతదాని చోట్లో పట్టదు కదా. కూర్చోబెట్టే బ్రాకెట్లు కోసి, మళ్లీ వెల్డింగ్ చేశారు. రేడియేటర్ పెద్దది పెట్టారు. క్లచ్ ప్లేటు మార్చారు. గేర్‌బాక్సుకి అతకడానికి వారం పట్టింది. కాగితాల్లో ఇంజన్ నంబరు మార్పించడానికి మా ఆయన కాళ్లరిగేలా తిరిగాడు. ఆ నెలంతా నేను టీలు కాచాను, అన్నాలు వండాను. నాకు అభ్యంతరం లేదు. పని చేసే మనుషులకి వండటంలో తప్పేముంది.

రెండో వారంలో అనుకుంటాను, టీ గ్లాసులు అందిస్తూ అడిగాను. “మావయ్యా, ఇంత విప్పినారు కదా, సక్రాలు కూడా ఓపాలి విప్పి బ్రేకులు సూడండి. ఇంజన్ బలం పెరిగితే బండి జోరు కూడా పెరుగుతాది.”

మామయ్య గ్లాసు అందుకుని, “అది మన సెక్షన్ కాదమ్మా,” అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. ఒకాయన తొడ కొట్టుకుని మరీ నవ్వాడు. “వేగనోళ్ల పిల్ల కదా, సక్రం కిందే సూస్తాది,” అన్నాడు ఇంకొకాయన. మా ఆయన కూడా అక్కడే ఉన్నాడు, చేతిలో గుడ్డతో ఏదో బోల్టు తుడుస్తున్నాడు. నవ్వలేదు, మాట్లాడలేదు. అప్పుడు ఆయన మౌనాన్ని నేను పట్టించుకోలేదు, నా ఒళ్లు మండిపోతోంది.

విషయం మా నాన్నకి చెప్పాను. ఆయన మర్నాడే వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, కిందికి వంగి చూశాడు. పెద్దవాళ్ల మర్యాద ప్రకారమే నెమ్మదిగా అడిగాడు. “బ్రేకు డ్రమ్ములు ఎప్పుడు విప్పినారు బావగారూ?”

మామయ్య ఇంజన్ లోంచి తల పైకి ఎత్తకుండానే అన్నాడు. “కొత్త ఇంజన్‌తో పాటు కొత్త కంప్రెసర్ వచ్చింది. గాలి ట్యాంకు సిటికెలో నిండుతాది. గాలి బ్రేకుకి గాలే కదా పేనం. ఇంక మీరేటి సూస్తారు? ఇది ఇంజన్ పని. పెట్టెలోళ్లకి ఇంజన్ ఊసెందుకు సెప్పండి.”

అందరి ముందూ అన్నాడు. మా నాన్న నేను తెచ్చిన టీ తాగకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆయన టీ వద్దనడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. నేను నిమ్‌పురా వెళ్లి చూసి రావడమే. “ఆయన్ని ఏటీ అనకు తల్లీ, పెద్దోడు,” అనేవాడు వెళ్లినప్పుడల్లా. నేను ఏమీ అనకుండా ఎలా ఉన్నానో నాకే తెలుసు.

ఇంజన్ బిగించడం అయిపోయాక ఖాళీ బండితో ట్రయల్ తిరిగారు. నన్నూ ఎక్కమన్నారు, ఇంటి ఇల్లాలు కదా అని. మా ఆయన తోలాడు, మామయ్య పక్క సీట్లో, నేను వెనక బల్ల మీద. ఒప్పుకోవాలి, ఆ ఇంజన్ చప్పుడే వేరు. వంతెన ఎక్కుతుంటే బండి ఎక్కుతున్నట్టే లేదు. మామయ్య కిటికీలోంచి తల బయటపెట్టి ఎవరైనా చూస్తున్నారా అని చూసుకున్నాడు. హైవే మీద కాస్త దూరం పోయి మళ్లీ మా వైపు తిరిగి వచ్చాక, “మన టీ కొట్టు కాడ ఆపరా, అందరికీ సూపిద్దాం,” అన్నాడు.

మా ఆయన బ్రేకు తొక్కాడు. టీ కొట్టు వచ్చింది, వెళ్లిపోయింది. బండి దాన్ని దాటి, మధ్యలో ఇంకో లారీ పట్టేంత దూరం పోయి ఆగింది. అదీ ఖాళీ బండి.

“అదీ జోరంటే!” అన్నాడు మామయ్య.

నేను మా ఆయన ముఖం చూశాను. చెవుల వెనక నుంచి చెమట కారుతోంది. గేరు రాడ్ మీద చెయ్యి ఇంకా బిగించే ఉంది. “ఏటయ్యింది?” అని అడిగాను. “ఏటీ నేదు, కొత్త ఇంజన్ కదా, అలవాటవ్వాల,” అన్నాడు. ఆ సాయంత్రం వంట చేస్తూ కూడా నాకు ఆ చెమటే కళ్లముందు కనిపించింది.

ఇంజన్ మారిన సంగతి తెలిసి సిమెంటు బస్తాల కాంట్రాక్టరు ఒకాయన బేరం తెచ్చాడు. ఇదివరకటి కన్నా చాలా ఎక్కువ లోడు, ఝార్ఖండ్ వైపు, దారిలో కొండ దిగుడు. పాత ఇంజన్‌తో మా ఆయన ఆ దారి ముఖం కూడా చూసేవాడు కాదు. మామయ్య వెంటనే ఒప్పుకున్నాడు. మొదటి ట్రిప్పు ముహూర్తం కూడా తనే పెట్టాడు: విశ్వకర్మ పూజ రోజు మధ్యాహ్నం, పూజ కాగానే.

విశ్వకర్మ పూజ మా ఊళ్లో ఎలా చేస్తారో తెలియనివాళ్లకి ఒక్క మాట చెప్పాలి. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు. స్పానర్లు, సుత్తులు, స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగి, బొట్టు పెట్టి, పువ్వులు పెట్టి దేవుడి ముందు వరసగా పెడతారు. ఆ రోజు వాటికి సెలవు. కాబట్టి ఆ రోజు బయల్దేరే బండికి ఆ రోజు బ్రేకు చూడడం కుదరదు. ఇంత తెలివైన మనుషులు ఆ ముహూర్తమే ఎందుకు పెట్టారు? ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఇంత ఇంజన్ తెచ్చుకుని చక్రాలు విప్పి చూడడానికి వీళ్లకి తీరిక లేకపోయింది.

ముందు రోజు మా ఆయనతో గొడవపడ్డాను. “ఒక్కరోజు ఆగండి. మా నాన్నని పిలుస్తాను, ఓపాలి సూస్తాడు,” అన్నాను.

“నాన్న మాటిచ్చేసినాడు. ఇప్పుడాపితే ఆయన పరువేటవుతాది?”

“మీకేటన్నా అయితే?”

“ఏటీ అవదులే,” అన్నాడు, నా వైపు చూడకుండా.

పూజ రోజు పొద్దున్నే సందంతా మైకులు, ఆకాశం నిండా గాలిపటాలు. లారీని కడిగి తుడిచి, ముందుభాగం కనపడకుండా బంతిపూల దండలు వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పొద్దున్నే సిమెంటు లోడు ఎక్కించి తెచ్చి నిలబెట్టారు. బరువుకి స్ప్రింగు పట్టీలు వంగి టైర్లు పొట్ట ఉబ్బి ఉన్నాయి. టీ కొట్టు జనమంతా వచ్చారు. పంతులు మంత్రాలు చదివాడు, మామయ్య ఇంజన్‌కి పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చాడు. ఇంజన్‌కి దణ్ణం పెట్టినంతసేపు కొడుకు వైపు ఒక్కసారి చూడలేదు.

మా ఆయన కొత్త లుంగీ, కొత్త చొక్కా వేసుకుని క్యాబిన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. మా చిన్నపిల్ల ఆయన చొక్కా అంచు పట్టుకుని ఉంది. అది చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. నేను ఇంట్లో పిల్లలకి ట్యూషన్ చెబుతాను, సుద్దముక్కలకి కొదవ లేదు. లోపలికెళ్లి ఒకటి తెచ్చాను. లారీ పక్క చెక్క మీద, అందరికీ కనిపించేంత పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో సిక్ అని రాశాను. మా నాన్న రాసినట్టే, చివరి అక్షరం కింద అడ్డగీత కూడా పెట్టాను.

మొదట ఎవరో నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. అక్కడున్నవాళ్లంతా రైల్వేలో ఎముకలు అరగదీసుకున్నవాళ్లు. ఆ మాట ఏమిటో, దాని అర్థం ఏమిటో వాళ్లకి చెప్పనక్కర్లేదు.

“ఎవుల్రాసినారది?” అన్నాడు మామయ్య.

“నానే.”

“తుడుసు.”

“తుడవను. బ్రేకులు సూడని బండి ఇది. సూసి ఫిట్ ఇచ్చేదాకా కదలకూడదు.”

“ఇది రైలు కాదు. ఇక్కడ నీ సిక్కూ గిక్కూ సెల్లదు!”

“అయితే మీరే తుడవండి మావయ్యా. మీ సేత్తో తుడిసి మీ కొడుకుని పంపించండి.”

మామయ్య చెయ్యి ఎత్తాడు. కొట్టడానికి కాదు, తుడవడానికే. చెక్క దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. జీవితమంతా సిక్ రాసిన పెట్టె ముందు ఇంజన్ ఆపిన మనుషుల మధ్య బతికిన చెయ్యి అది. లోకో వాళ్లు వేగన్ వాళ్లని ఎంత ఎగతాళి చేసినా, ఆ రాత మాత్రం ఎవరూ చెరపరు. అది చెరిపి బండి లాగించినవాడి కథలు వాళ్లందరికీ తెలుసు. మామయ్య చెయ్యి దించేశాడు.

గుంపులో రిటైరైన గార్డు తాత ఒకాయన ఉన్నాడు, ఎనభై దాటినవాడు. కర్ర ఆనించుకుని అన్నాడు. “రాసింది ఆడకూతురైనా సరే, రాసినాక రాసినట్టే. ఫిట్ ఇచ్చేవోణ్ణి పిలవండి.”

మామయ్య నా వైపు తిరిగాడు. “మీ నాన్నని పిలు.”

“నాను పిలవను,” అన్నాను. “టీ తాగకుండా ఎల్లిపోయిన మనిషి. మీరే పిలవండి.”

ఆ రోజు ఆయన్ని అంతమందిలో అలా నిలబెట్టడం తప్పని మా అత్తగారి తరఫు వాళ్లు ఇప్పటికీ అంటారు. అననివ్వండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నేను కాదు. మామయ్య ఫోన్ తీశాడు. నంబరు నొక్కడానికి రెండుసార్లు కళ్లజోడు సర్దుకున్నాడు. “బావగారూ, ఓపాలి రావాల. బేగి రండి. మీ అమ్మాయి బండికి సిక్ రాసింది,” అన్నాడు. అవతల మా నాన్న ఏమన్నాడో నాకు వినిపించలేదు.

మా నాన్న వచ్చేసరికి అరగంట పట్టింది. సైకిల్ గోడకి ఆనించి, ముందు దేవుడికి దణ్ణం పెట్టాడు. నేను రాసిన దాన్ని చూశాడు గానీ నన్నేమీ అడగలేదు. ఎవరో పనిముట్ల సంగతి ఎత్తారు, ఈ రోజు ముట్టుకోకూడదు కదా అని. “నాకు పనిముట్లొద్దు,” అన్నాడు. “సుద్దముక్క సాలు.”

“ఇంజన్ స్టార్ట్ సేసి గాలి నింపండి,” అన్నాడు. నిండింది. మామయ్య క్యాబిన్‌లోకి చెయ్యి చూపించి, “సూడండి, గేజీ ఫుల్లు,” అన్నాడు.

“గేజీ గాలి సంగతి సెప్తాది బావగారూ. సక్రం సంగతి సెప్పదు. ఇంజన్ ఆపించండి.”

ఇంజన్ ఆగింది. మా నాన్న కొత్త పంచె పైకి దోపుకుని బండి కింద దూరాడు. “అమ్మా, ఎక్కి తొక్కు,” అన్నాడు నాతో. అంతమంది మగవాళ్లుండగా నన్నే ఎందుకు పిలిచాడో తెలియదు. ఎక్కాను. ఆయన బ్రేకు కడ్డీ మీద సుద్దతో గీత పెట్టాడు. “తొక్కు,” అన్నాడు. తొక్కాను. “వగ్గు,” అన్నాడు. వదిలాను. చక్రం చక్రానికీ అదే. మామయ్య వంగి చూస్తున్నాడు, మోకాళ్లు పట్టుకుని.

రెండు వేళ్ల మందం దాటి రాకూడని కడ్డీ నాలుగు వేళ్లు దాటి వస్తోంది. మా నాన్న తన వేళ్లు అడ్డంపెట్టి మామయ్యకి చూపించాడు, ఒక్కొక్కటిగా. “మీరే సూడండి బావగారూ,” అన్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. ఆ గొంతు వింటే నాకు ఇంకా కోపం వచ్చింది. ఆయన స్థానంలో నేనుంటే నాలుగు మాటలు గట్టిగానే అనేదాన్ని.

“ఫిట్ ఇవ్వను,” అని బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు. ట్రిప్పు ఆగిపోయింది. కాంట్రాక్టరు వేరే బండి తెచ్చి బస్తాలు మార్పించుకున్నాడు. జనం ప్రసాదం పట్టుకుని ఎవరిళ్లకి వాళ్లు పోయారు.

మర్నాడు పొద్దున్నే మా నాన్న వచ్చాక చక్రాలు విప్పారు. మామయ్యే ముందు కూర్చున్నాడు, ఎవరూ పిలవకుండా. మొదటి డ్రమ్ము ఊడి వచ్చింది. డ్రమ్ముని ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనింగ్ అన్నది లేదు. దాన్ని పట్టి ఉంచే రివెట్లు డ్రమ్ముకి రాసుకుని వెండిలా మెరుస్తున్నాయి. డ్రమ్ము లోపల వేలు దూరేంత గాడి. రెండోదీ అంతే. మూడోదానికి పగులు కూడా ఉంది.

మా నాన్న ఆ డ్రమ్ము చేత్తో తడిమి మా ఆయన్ని అడిగాడు. “ఎన్నాళ్లబట్టి ఇలగున్నాది బాబూ?”

అందరం మా ఆయన వైపు చూశాం. నేను టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన తెలియదంటాడనుకున్నాను.

“రథయాత్ర ముందుకాడ్నుంచి,” అన్నాడు.

ఆషాఢంలో వచ్చే రథయాత్ర నుంచి ఇంజన్ విప్పిన రోజు దాకా ఆయన ఎన్ని ట్రిప్పులు వేశాడు. ప్రతి ట్రిప్పుకీ నేనే అన్నం డబ్బా కట్టి ఇచ్చాను. పిల్లలు గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపేవారు. ఆయన తిరిగి చెయ్యి ఊపి, బ్రేకులు లేని బండెక్కి పోయేవాడు.

“నాకెందుకు సెప్పనేదురా?” అన్నాడు మామయ్య.

“సెప్పినాను నాన్నా. ఇంజన్ మారిస్తే అన్నీ సర్దుకుంటాయన్నావు.”

నాకు ఆయనతో పని లేదప్పుడు. పళ్లెం కింద పెట్టాను.

“ఆయనకి సెప్పినారు. నాకెందుకు సెప్పనేదు?” అన్నాను.

మా ఆయన కింద పడ్డ రివెట్టు ఒకటి తీసి పక్కన పెట్టాడు. తర్వాత, అదేదో మామూలు సంగతి అయినట్టు, “నీకు సెప్తే నువ్వు ఎల్లనిస్తావేటి?” అన్నాడు.

“ఎల్లనివ్వను!” అని అరిచాను. “సచ్చినా ఎల్లనివ్వను!” అందరి ముందూ, మా నాన్న ముందూ, మామయ్య ముందూ కోపంతో ఏడ్చేశాను. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు. మా ఆయన తల ఎత్తలేదు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. లైనింగులు, డ్రమ్ములు అన్నీ కొత్తవి వేశారు, మా నాన్న దగ్గరుండి వేయించాడు. ఆ ఇంజన్ ఇప్పటికీ బాగానే నడుస్తోంది. మామయ్యని నేను ఎప్పుడో క్షమించేశాను. ఆయనకి ఇంజన్ పిచ్చి, ఎవరు చెప్పినా చెవికెక్కదు, అంతే. మా ఆయన్ని మాత్రం ఇంకా క్షమించలేదు. వెళ్లనిచ్చే మనిషి ఎవరో చూసుకుని వాళ్లకే చెప్పాడు. ఆయనంటే నాకు ప్రాణం, అన్నం డబ్బా ఇప్పటికీ నేనే కట్టి ఇస్తాను. కానీ లారీ సందు మలుపు తిరిగి కనపడకుండా పోయిన ప్రతిసారీ, ఈ రోజు నాకు ఏమి చెప్పకుండా వెళ్లాడో అనుకుంటాను. మళ్లీ మొదటి నుంచీ కోపం వస్తుంది.